పటకారు కందిరీగలు: సుడిదోమ లెక్కలో కనిపించని బదనికలు

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల ఖరీఫ్ వరికి అక్టోబరు నెల పరీక్షాకాలం. పైరు పొట్ట, ఈనిక దశలలో ఉంటుంది. బంగాళాఖాతంలో వాయుగుండాలు పుట్టేదీ, మబ్బు కమ్మి గాలిలో తేమ పెరిగి గుబురు మడులలో సుడిదోమ ఉద్ధృతమయ్యేదీ ఈ రోజులలోనే. విస్తరణ శాస్త్రవేత్తను రైతు అడిగే ప్రశ్న అప్పుడు ఒక్కటే: మందు కొట్టాలా, ఆగాలా? సమాధానం దుబ్బుకు ఎన్ని దోమలున్నాయన్న లెక్కనుబట్టి ఉంటుంది. పిలకల దశలో దుబ్బుకు 10-15, ఈనిక దశలో 20-25 దోమలుంటే సస్యరక్షణ చేపట్టాలన్నది స్థిరపడిన సిఫారసు.

ఈ లెక్కలోకి వచ్చే దోమలన్నీ ఒకే కోవకు చెందవు. దుబ్బును పక్కకు వంచి మొదళ్ళను జాగ్రత్తగా పరిశీలిస్తే, కొన్ని దోమల పొట్టకు ఒక పక్కన ఆవగింజకంటే చిన్నదైన నల్లని లేదా గోధుమరంగు తిత్తి అంటుకొని కనిపించవచ్చు. ఆ దోమ నడుస్తుంది, గెంతుతుంది, రసం పీలుస్తుంది. అయినా దాని సంతానం ముందుకు సాగదు. లెక్కపుస్తకంలో మాత్రం అది మిగిలినవాటితో సమానంగా ఒక దోమగానే నమోదవుతుంది.

ఆ తిత్తిలో ఉన్నది డ్రైనిడే కుటుంబానికి చెందిన కందిరీగ లార్వా. ప్రపంచంలో సుమారు 1,900 జాతులు గుర్తించబడిన ఈ కుటుంబం గురించి కీటకశాస్త్ర పాఠ్యగ్రంథాలలో సాధారణంగా ఒకటి రెండు వాక్యాలకు మించి ఉండదు. కళాశాల కీటక సేకరణ పెట్టెలలో దీని నమూనాలు అరుదు. ఆ కారణంగానే దీనికి అరుదైన కుటుంబమన్న పేరు నిలిచిపోయింది. ఆ అరుదుదనంలో ప్రకృతి వాటా ఎంత, వెతికే పద్ధతి వాటా ఎంత అన్నది విచారించదగిన విషయం. రెండవదే ఎక్కువని చెప్పడానికి తగిన కారణాలున్నాయి.

కుటుంబం, బంధువర్గం

బదనిక కందిరీగలనగానే ట్రైకోగ్రామా, టెలినోమస్, బ్రాకన్ వంటివి విద్యార్థులకు గుర్తుకు వస్తాయి. డ్రైనిడ్ల వంశం వేరు. ఇవి తేనెటీగలు, చీమలు, చూరుకింద మట్టిగూళ్ళు కట్టే కందిరీగలు చేరిన అక్యులియేటా వర్గానికి, అంటే కుట్టే కొండి గల వర్గానికి చెందినవి. అందులో క్రైసిడోయిడియా అనే అధికుటుంబం వీటిది. వంశం కుట్టే ఈగలది, బతుకు బదనికది. ఈ కలయికలోనే వీటి ప్రత్యేకత ఉన్నది.

ఇదే అధికుటుంబంలోని మరొక కుటుంబం బెథిలిడే. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం కొబ్బరితోటల సస్యరక్షణ తెలిసినవారికి ఇది కొత్త కాదు. కొబ్బరి ఆకులను తినే నల్లతల గొంగళిపురుగుపై వదిలే గోనియోజస్ నెఫాంటిడిస్ ఈ కుటుంబానిదే. ప్రయోగశాలలో పెంచి, సీసాలలో పంపిణీ చేసి, తోటలో వదలడం వల్ల ఆ పేరు అందరికీ పరిచయమైంది. డ్రైనిడ్లను అంత తేలికగా పెంచడం సాధ్యం కాదు. వాటికి బతికిన దోమ కావాలి, ఆ దోమకు బతికిన వరిమొక్క కావాలి. సీసాలో పట్టని పురుగు శాస్త్రవేత్తల దృష్టిలోనూ పట్టకపోవడం వింతేమీ కాదు.

డ్రైనిడ్లు ఆశ్రయించేది రసం పీల్చే దోమల వర్గాన్ని మాత్రమే. పచ్చదోమ వంటి ఆకుదోమలు, సుడిదోమ, తెల్లవీపు దోమ, చెరకును ఆశించే పైరిల్లా వంటివి వీటి అతిథేయులు. గొంగళిపురుగులనుగాని, పెంకుపురుగులనుగాని ఇవి తాకవు. వరి దోమలపై ఆసియా దేశాలలో ప్రధానంగా నమోదైనవి గొనాటోపస్, హాప్లోగొనాటోపస్, ఎక్త్రోడెల్ఫాక్స్ ప్రజాతులు. పైరిల్లా పిల్లపురుగులపై డ్రైనస్ పైరిల్లే అనే జాతి భారతదేశంలో చాలాకాలంగా తెలిసినదే. ఉత్తరకోస్తాలో వరి, చెరకు పక్కపక్కనే పండే ప్రాంతాలు తక్కువేమీ కాదు. కనుక ఈ రెండు పైర్లలోనూ ఈ కుటుంబాన్ని వెతకవలసి ఉంటుంది.

సుడిదోమ శాస్త్రీయనామం నీలపర్వత లూజెన్స్. ప్రజాతికి పెట్టిన పేరు అచ్చమైన సంస్కృత సమాసం. విద్యార్థులు దానిని లాటిన్ పదమనుకొని వింత ఉచ్చారణలతో పలకడం తరగతిగదులలో తరచు వినబడుతుంది.

పటకారు, కొండి, తిత్తి

ఆడ డ్రైనిడ్ ముందుకాళ్ళను సూక్ష్మదర్శిని కింద చూసినవారు మళ్ళీ మరచిపోరు. పాదం చివరి ఖండం ఒక పక్కకు పొడవుగా సాగి ఉంటుంది. దానికి ఎదురుగా ఒక గోరు పెరిగి, రెండూ కలిసి కంసాలి పటకారులా మూసుకుంటాయి. రెండు అంచులలోనూ సన్నని పళ్ళు, పలకలవంటి రోమాలు వరుసగా ఉంటాయి. జాతులను వేరుచేయడంలో ఈ పటకారు నిర్మాణం ప్రధాన ఆధారం. ఇటలీకి చెందిన మాసిమో ఓల్మి 1984లో వెలువరించిన ప్రపంచ డ్రైనిడే పునఃపరిశీలనలో దీనికి పెద్దపీట లభించింది. అఫెలోపినే అనే ఉపకుటుంబంలో మాత్రం పటకారు లేదు. మగ కందిరీగలకు ఏ ఉపకుటుంబంలోనూ ఉండదు.

వేట తీరు ఇది. ఆడ కందిరీగ వరి మొదళ్ళలో చీమలా తిరుగుతూ దోమ దగ్గరకు చేరి, ఒక్కసారిగా ముందుకు దూకి పటకారులతో దోమను ఒడిసిపట్టుకుంటుంది. పొట్టను ముందుకు వంచి కొండితో కుడుతుంది. విషప్రభావంతో దోమ కదలిక ఆగిపోతుంది. ఈ స్తంభన తాత్కాలికం. కందిరీగ దోమ శరీరఖండాల అంచుల మధ్య గుడ్డు పెట్టి వదిలేస్తుంది. కొన్ని నిమిషాలలో దోమ తేరుకొని, ఏమీ జరగనట్లే మళ్ళీ రసం పీల్చడం మొదలుపెడుతుంది.

లార్వా తొలిదశలలో దోమ శరీరంలోనే ఒదిగి ఉంటుంది. సుమారు వారం గడిచాక శరీరఖండాల మధ్యనుండి ఉబ్బి బయటకు వస్తుంది. పెరిగేకొద్దీ విడిచిన కుబుసాలు రాలిపోక ఒకదానిపై ఒకటి పేరుకొని గట్టిపడతాయి. తిత్తిగా కనిపించేది ఈ కుబుసాల పొరలే. లార్వా తల దోమ శరీరంలోపల, మిగిలిన దేహం తిత్తిలో ఉంటాయి. పూర్తిగా ఎదిగినప్పుడు తిత్తి ఆల్చిప్పలా రెండుగా చీలుతుంది. అప్పటికి దోమ లోపలి భాగాలు ఖాళీ అయిపోతాయి. బయటకు వచ్చిన లార్వా వరి ఆకుపైనో, ఆకుతొడుగుపైనో తెల్లని పట్టుగూడు అల్లుకొని ప్యూపాగా మారుతుంది. గుడ్డు నుండి ప్రౌఢ దశ వరకు ఉష్ణమండల పరిస్థితులలో మూడు నాలుగు వారాలు పడుతుంది. అంటే సుడిదోమ ఒక తరం పూర్తిచేసే కాలానికి ఇది ఇంచుమించు సరిపోతుంది.

పాఠ్యగ్రంథాలలో తరచు విడిచిపెట్టే అంశం మరొకటి ఉన్నది. ఆడ కందిరీగ పట్టుకున్న ప్రతి దోమలోనూ గుడ్డు పెట్టదు. కొన్నిటిని అక్కడికక్కడే కొరికి, కారే ద్రవాలను తాగి, శరీరంలో కొంత తిని పారవేస్తుంది. గుడ్లు తయారుకావడానికి అవసరమైన మాంసకృత్తులు దానికి ఈ విధంగా లభిస్తాయి. కనుక డ్రైనిడ్ ఒకే సమయంలో బదనికా, పరభక్షకమూ. తిత్తులను మాత్రమే లెక్కించే పద్ధతిలో ఈ రెండవ పాత్ర పూర్తిగా జారిపోతుంది. చిన్న పిల్లదోమలు ఎక్కువగా ఆహారానికి, పెద్దవి గుడ్లు పెట్టడానికి ఉపయోగపడటం సాధారణంగా కనిపించే ధోరణి.

ఎందుకు కనబడవు?

గొనాటోపస్ ఆడ కందిరీగకు రెక్కలుండవు. శరీరం 3 మిల్లీమీటర్ల అటూ ఇటూ. నడుము సన్నం, నడక వడి. వరి గట్లపై, దుబ్బులలో తిరిగే చిన్న చీమలనుండి దీనిని వేరుచేయడం తొలిచూపులో కష్టం. చూసినవారు చీమేననుకొని చూపు మరల్చుకుంటారు. సేకరించినవారు కూడా చీమల సీసాలోనే వేస్తారు. మొదటి అడ్డంకి ఇది.

చీమను, డ్రైనిడ్‌ను వేరుచేసే గుర్తులు చేతి భూతద్దంతోనే అందుతాయి. చీమ స్పర్శశృంగానికి మొదటి ఖండం బాగా పొడవుగా ఉండి మోచేయిలా వంగి ఉంటుంది. డ్రైనిడ్ స్పర్శశృంగం 10 ఖండాలతో, ఆ మోచేతి వంపు లేకుండా ఉంటుంది. చీమ నడుముపై బుడిపె ఉంటుంది, డ్రైనిడ్‌కు ఉండదు. డ్రైనిడ్ తల వెడల్పుగా, కళ్ళు పెద్దవిగా ఉంటాయి. రొమ్ముభాగం మధ్యలో నొక్కుకుపోయి రెండు ముడులుగా కనిపిస్తుంది. అన్నిటికీ మించి ముందుకాళ్ళ చివర పటకారు. నడిచేటప్పుడు దానిని వెనుకకు మడుచుకోవడం వల్ల కదులుతున్న పురుగులో అది కంటబడదు. నమూనాను మద్యసారంలో వేసి నిదానంగా చూడవలసిందే.

రెండవ అడ్డంకి వల. వరి పొలంలో కీటకాల సర్వేకు స్వీప్ వల వాడటం ఆనవాయితీ. వల ఊగేది పైరు పైభాగంలో, సుడిదోమ ఉండేది నీటిమట్టానికి కొద్దిగా పైన. రెక్కలు లేని కందిరీగ ఉండేదీ అక్కడే. వంద ఊపులు ఊపినా అది వలలో పడకపోవడం సహజం. వలలో పడే అవకాశమున్నది రెక్కలున్న మగ కందిరీగకే. అది నల్లగా, చిన్నగా, పటకారు లేకుండా ఉంటుంది. ఆడదానితో పోలిక ఏమాత్రం లేనందువల్ల ఒకే జాతి ఆడ, మగ కందిరీగలకు వేర్వేరు పేర్లు పెట్టిన సందర్భాలు ఈ కుటుంబ చరిత్రలో ఎన్నో ఉన్నాయి. ఒకే తల్లి సంతానాన్ని పెంచి చూసినప్పుడే ఆ చిక్కు విడిపోతుంది.

మూడవది కాలం. ప్రౌఢ కందిరీగ ఆయువు కొద్దికాలమే. తిత్తిగల దోమ మాత్రం రోజుల తరబడి పొలంలో ఉంటుంది. వెతకవలసింది కందిరీగను కాదు, తిత్తిని. ఈ ఒక్క మార్పుతో అరుదైన కుటుంబం చాలాచోట్ల కంటికి దొరుకుతుంది.

తిత్తి అనిపించిన ప్రతిదీ డ్రైనిడ్ కాదు. దోమలకు అంటుకొని ఎర్రని గుండ్రని పూసల్లా కనిపించేవి నల్లి పిల్లలు. అవి మెత్తగా ఉంటాయి, సూదిమొనతో తాకితే ఊడివస్తాయి. స్ట్రెప్సిప్టెరా వర్గానికి చెందిన ఎలెంకస్ దోమ పొట్ట ఖండాల మధ్యనుండి గోధుమరంగు తలభాగాన్ని మాత్రమే బయటపెడుతుంది. పిపంకులిడే ఈగల పిల్లపురుగు లోపలే పెరిగి దోమ పొట్టంతా ఉబ్బేలా చేస్తుంది, బయట తిత్తి ఉండదు. డ్రైనిడ్ తిత్తి ఒక పక్కకు అంటుకొని, గట్టిగా, పొరలు పొరలుగా, నడుమ కుట్టువంటి గీతతో ఉంటుంది. ఈ నాలుగింటినీ ఒకసారి పక్కపక్కన పెట్టి చూసిన విద్యార్థి మళ్ళీ పొరబడడు.

హవాయి చెరకు తోటల అనుభవం

డ్రైనిడ్ల జీవితచరిత్రను శాస్త్రలోకం మొదట శ్రద్ధగా చదివింది కుతూహలంతో కాదు, ఒక పంట సంక్షోభంవల్ల. 20వ శతాబ్దం మొదటి సంవత్సరాలలో హవాయి దీవుల చెరకుపై పెర్కిన్సియెల్లా సాకరిసిడా అనే దోమ విరుచుకుపడింది. తోటలు ఎండిపోయాయి. ఆ దోమ బయటినుండి వచ్చినది, దాని సహజశత్రువులు వెంట రాలేదు. 1904లో ఆల్బర్ట్ కోబెల్, ఆర్. సి. ఎల్. పెర్కిన్స్ శత్రువులను వెతుక్కుంటూ ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌కు, ఫిజీకి వెళ్ళారు. పంపిన పెట్టెలలో గుడ్డు బదనికలతోపాటు డ్రైనిడ్లూ ఉన్నాయి. పెర్కిన్స్ 1905లో ప్రచురించిన పరిశీలనలు ఈ కుటుంబపు జీవనవిధానానికి తొలి విస్తృత ఆధారాలలో ఒకటి. వరి దోమలపైనా కనిపించే ఎక్త్రోడెల్ఫాక్స్ ఫెయిర్‌చైల్డికి పేరు పెట్టినది కూడా ఆయనే.

ఫిజీ చెరకు తోటలలో ఆ దశకంలోనే తెలుగు కూలీలు పనిచేస్తున్నారు. 1903 నుండి మద్రాసు ద్వారా సాగిన ఒప్పంద కూలీల వలసలో నాటి విశాఖపట్టణం జిల్లావారు కూడా ఉన్నారు, నేటి విజయనగరం ప్రాంతం అప్పుడు ఆ జిల్లాలోనిదే.

హవాయి కథ ముగింపు డ్రైనిడ్లకు అనుకూలంగా లేదు. వాటిలో కొన్ని అక్కడ స్థిరపడ్డాయి, దోమలను కొంత తగ్గించాయి, కాని అదుపులోకి తేలేకపోయాయి. గుడ్డు బదనికలు మరికొంత చేశాయి. చివరకు 1920లో ఫ్రెడరిక్ మ్యూర్ తెప్పించిన టిథస్ ముండులస్ అనే చిన్న నల్లి దోమ గుడ్లను పీల్చివేసి సమస్యను తీర్చింది. వరిలో సుడిదోమ గుడ్లను తినే సిర్టోరైనస్ లివిడిపెన్నిస్ అనే మిరిడ్ నల్లి దానికి దగ్గరి బంధువు.

ఈ అనుభవాన్ని దాచిపెట్టి డ్రైనిడ్లను రైతుకు రక్షకులుగా చూపడం తగదు. సుడిదోమ ఆడపురుగు వందకు పైగా గుడ్లను ఆకుతొడుగు కణజాలంలో పెడుతుంది. డ్రైనిడ్ ఒక్కొక్క దోమనే పట్టుకుంటుంది. పొలంలో దోమ పొంగుకు వచ్చిన తరువాత ఇది ఆ వేగాన్ని అందుకోలేదు. దీని విలువ పొంగుకు ముందు దశలో, దోమలు తక్కువగా ఉన్నప్పుడు, సాలీళ్ళు, మిరిడ్ నల్లులు, గుడ్డు బదనికలతో కలిసి చేసే పనిలో ఉన్నది. ఇటలీలో మెట్కాల్ఫా ప్రూయినోసా అనే పరదేశి దోమపై ఉత్తర అమెరికానుండి 1987లో తెచ్చిన నియోడ్రైనస్ టిఫ్లోసైబే స్థిరపడి మంచి ఫలితమిచ్చింది. అక్కడ అతిథేయికి ఏడాదికి ఒకే తరం, తోటలలో మందుల వాడకం పరిమితం. వరిపొలం పరిస్థితి అది కాదు.

లెక్క తీసే విధానం

ఎకరా మడిలో ఐదు చోట్ల, చోటుకు రెండు దుబ్బుల చొప్పున పది దుబ్బులు చూడటం విస్తరణ సిబ్బందికి అలవాటే. గట్టు పక్క వరుసలను వదిలి లోపలికి వెళ్ళాలి. దుబ్బును ఒకవైపు వంచి, మొదళ్ళ కింద తెల్లని పళ్ళెం పెట్టి తట్టాలి. పళ్ళెంలో పడిన దోమలను ఆస్పిరేటర్‌తో పీల్చి సీసాలోకి తీసుకుంటే తిత్తులను నిదానంగా లెక్కించవచ్చు. పళ్ళెంలోనే లెక్కిస్తే దోమలు గెంతిపోతాయి, తిత్తి తప్పిపోతుంది.

ఉదాహరణకు పది దుబ్బులలో 220 దోమలు ఉన్నాయనుకుందాం. దుబ్బుకు 22, అంటే ఈనిక దశలో పరిమితిని అందుకున్నట్లే. వాటిలో 33 దోమలకు తిత్తులుంటే 15 శాతం. వాటిని తీసివేస్తే దుబ్బుకు 18.7 మిగులుతాయి, పరిమితికి దిగువన. ఇంత సులభంగా తీసివేయవచ్చునా అన్నది విద్యార్థి అడగవలసిన ప్రశ్న.

నేరుగా తీసివేయరాదు. తిత్తిగల దోమ చనిపోయేవరకు రసం పీలుస్తూనే ఉంటుంది, ఈ వారపు నష్టంలో దానికీ భాగముంటుంది. తగ్గేది తరువాతి తరం. మరోవైపు 15 శాతం అన్న సంఖ్య అసలుకంటే తక్కువ కావచ్చు. గుడ్డు దశలోను, లార్వా లోపల ఒదిగి ఉన్న దశలోను బయట ఏ గుర్తూ ఉండదు. వాటిని చూడాలంటే దోమను ఉప్పునీటి చుక్కలో ఉంచి సూక్ష్మదర్శిని కింద విప్పాలి. కందిరీగ తిని పారవేసిన దోమలు ఏ లెక్కలోకీ రావు. ఇందుకు విరుద్ధమైన పొరపాటుకూ అవకాశమున్నది. బదనిక సోకిన పిల్లదోమ ఎదుగుదల నెమ్మదిస్తే, ఆరోగ్యమైనవి రెక్కలు వచ్చి మరో మడికి ఎగిరిపోయాక అది అక్కడే మిగిలి శాతాన్ని పెంచి చూపిస్తుంది. కనుక ఒకరోజు తీసిన శాతాన్ని మరణాలశాతంగా రాయడం సిద్ధాంతవ్యాసాలలో పదేపదే జరిగే తప్పు. వారానికి ఒకసారి చొప్పున నాట్ల తరువాత 30వ రోజు నుండి కోత వరకు తీసిన వరుస సంఖ్యలే నమ్మదగినవి.

వెదసాగు మడులలో ఇంకొక ఇబ్బంది ఉన్నది. వర్షాధారంగా విత్తనం వెదజల్లే పద్ధతి ఈ రెండు జిల్లాలలో తక్కువేమీ కాదు. అక్కడ దుబ్బు అనే కొలమానమే వర్తించదు. చతురస్రపు చట్రం వేసి, నిర్ణీత వైశాల్యంలోని దోమలను, తిత్తులను లెక్కించడం మేలు.

దీపపు ఎరలను కూడా ఈ పనికి వాడుకోవచ్చు. రాగోలు వ్యవసాయ పరిశోధనా స్థానం వంటి వరి కేంద్రాలలో దీపపు ఎరలో పడే దోమల లెక్క రాయడం నిత్యకృత్యం. ఎరకు వచ్చేవి రెక్కలు పెరిగిన వలస దోమలు. వాటిలో తిత్తిగలవి ఎన్ని అన్న నిలువుగీత ఒకటి పట్టికలో చేర్చడానికి అదనపు ఖర్చు లేదు. ఆ గీత విలువ చిన్నది కాదు. రెక్కలు లేని ఆడ కందిరీగ ఒక పొలంనుండి దూరపు పొలానికి ఎలా చేరుతుందన్న ప్రశ్నకు సమాధానం అక్కడే ఉన్నది. అది నడవదు, ఎగరదు. లార్వాగా ఉన్నప్పుడే దోమ శరీరంలో కూర్చొని ప్రయాణిస్తుంది. తూర్పు ఆసియాలో వరి దోమలు సముద్రం దాటి జపాన్ చేరినప్పుడు వాటితోపాటు రెక్కలు లేని డ్రైనిడ్లూ చేరుతున్నట్లు జపాన్ శాస్త్రవేత్తలు చూపారు. తెగులు తెచ్చే గాలే మందునూ కొంత మోసుకొస్తున్నదన్నమాట.

మందు నిర్ణయం

సుడిదోమ విషయంలో మందు వల్లనే దోమ పెరిగే స్థితి ఒకటున్నది. 1980ల తొలినాళ్ళలో అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థలో చెల్లయ్య, హైన్‌రిక్స్ తదితరుల ప్రయోగాలలో డెల్టామెత్రిన్, మిథైల్ పారథియాన్ వంటివి చల్లిన మడులలో, చల్లని మడులకంటే దోమ ఎక్కువైంది. సహజశత్రువులు చనిపోవడం ఒక కారణం. బతికిన ఆడదోమల సంతానోత్పత్తి పెరగడం మరొకటి. ఆకుతొడుగులోని గుడ్లకు మందు తగలదు, పైన తిరిగే కందిరీగకు, సాలీడుకు తగులుతుంది. ఇండోనేషియా 1986లో వరిపై 57 పురుగుమందుల వాడకాన్ని నిషేధించడం వెనుక ఉన్నది ఈ అనుభవమే. ఆకుచుట్టు పురుగు కోసం ఆగస్టు, సెప్టెంబరులలో సింథటిక్ పైరిత్రాయిడ్లు చల్లిన రైతు అక్టోబరులో సుడిదోమకు మళ్ళీ మందు కొనవలసి రావడం ఉత్తరకోస్తా విస్తరణ సిబ్బందికి పరిచయమైన దృశ్యం. ఆ రెండు ఖర్చులకూ మధ్య ఉన్న సంబంధం రైతుకు ఎవరూ విప్పి చెప్పకపోవడమే విచారకరం.

డ్రైనిడ్లకు సంబంధించి మరో సూక్ష్మమున్నది. మిత్రపురుగులకు సురక్షితమన్న ముద్ర గల మందు సాలీడును బతికించవచ్చు. దోమను చంపే ఏ మందైనా తిత్తిలోని లార్వాను దోమతోపాటే చంపుతుంది. అందువల్ల ఈ బదనికను కాపాడే మార్గం మందును ఎంచుకోవడంలో కంటే మందును వాయిదా వేయడంలో ఎక్కువగా ఉన్నది.

వాయిదా ఎప్పుడు తగును? పైరు ఈనిక దశలో ఉండి, లెక్క పరిమితికి అటూ ఇటూగా ఉండి, పది దుబ్బులలో తిత్తులు, మిరిడ్ నల్లులు, సాలీళ్ళు స్పష్టంగా కనిపిస్తే, మడిలో నీరు తీసి మూడు రోజులు ఆగి మళ్ళీ లెక్కించడం యుక్తం. రెండవ లెక్కలో పిల్లదోమలు పెరిగితే మందు తప్పదు. లెక్క పరిమితిని బాగా దాటి, మడి మధ్యలో పైరు గుండ్రంగా పసుపెక్కడం మొదలైతే తిత్తుల కోసం ఆగడం రైతుకు ద్రోహం చేయడమే. అప్పుడు బుప్రొఫెజిన్ లీటరు నీటికి 1.6 మి.లీ. లేదా పైమెట్రోజిన్ 0.6 గ్రా. చొప్పున కలిపి దుబ్బుల మొదళ్ళు తడిచేలా పిచికారీ చేయాలి. పైపైన చల్లిన మందు ఖర్చు తప్ప ఫలం ఇవ్వదు.

ప్రతి రెండు మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాటలు, నత్రజని విడతలుగా వేయడం, విజేత వంటి దోమను కొంతవరకు తట్టుకునే రకాలు అందరికీ తెలిసినవే. కాలిబాట ఉన్న మడిలో దుబ్బులు వంచి చూడటమూ సులువు, ఆ సౌకర్యమే చాలామందిని లెక్క తీయడానికి పురికొల్పుతుంది.

పంట లేని నెలలు

డిసెంబరులో వరి కోసిన మాగాణులలో మినుము, పెసర ఉంటాయి. వేసవిలో చాలాభాగం బీడు. వంశధార, నాగావళి కాలువల కింద కొద్ది విస్తీర్ణంలో తప్ప రెండవ వరి లేదు. జనవరి నుండి జూలై వరకు సుడిదోమ దాదాపు దొరకని పొలంలో దానిపై బతికే కందిరీగ ఏమవుతుంది? వరి దోమలపై బతికే డ్రైనిడ్లలో చాలావాటికి ఒకే అతిథేయి అన్న నియమం లేదు. గట్లపై, కాలువ ఒడ్డున పెరిగే ఊద, గరిక వంటి గడ్డిజాతులపై బతికే ఇతర దోమలు వాటికి ఆశ్రయమిస్తాయి. ఆ దోమలు వరికి చేసే హాని లెక్కించదగినది కాదు.

గట్లను కలుపుమందుతో మాడ్చి శుభ్రంగా ఉంచడం ఇటీవల మంచి సేద్యానికి గుర్తుగా చెలామణి అవుతున్నది. ఎలుకల బొరియలకు, కలుపు విత్తనాలకు ఆ శుభ్రత కొంత మేలు చేస్తుందన్నది నిజమే. మొత్తం గట్టును మే నెలలోనే నున్నగా చేస్తే జూలైలో నాటిన వరికి చేరవలసిన కందిరీగలకు ఆధారం పోతుంది. గడ్డిని కోసి పశువులకు వేయడం, ఒక్కసారిగా కాక గట్టు తరువాత గట్టుగా తీయడం ఈ ప్రాంతపు పాత అలవాటు. ఆ అలవాటును తప్పుగా చూపించే సలహా ఇవ్వకపోవడం మంచిది. నైర వ్యవసాయ కళాశాల స్నాతకోత్తర విద్యార్థులకు మే, జూన్ నెలలలో గట్టుగడ్డిపై దోమలను సేకరించి తిత్తులను లెక్కించడం తక్కువ ఖర్చుతో చేయదగిన సిద్ధాంతవ్యాస అంశం.

పెంచడం, భద్రపరచడం

తిత్తిగల దోమలను ఒక్కొక్కటిగా పెద్ద గాజుగొట్టంలో రెండు మూడు లేత వరి నారుమొక్కలతో ఉంచి, మూతికి పలుచని వస్త్రం కట్టాలి. మొక్క వేళ్ళకు తడిదూది చుట్టాలి. నీరు నిలిచితే దోమ మునిగి చనిపోతుంది, లార్వా కూడా దక్కదు. లార్వా బయటికి వచ్చి పట్టుగూడు అల్లాక చనిపోయిన దోమను పారవేయరాదు. కందిరీగ జాతి నిర్ణయానికి అతిథేయి దోమ జాతి తెలియడం అవసరం, ఖాళీ దోమనూ తిత్తి పెంకునూ అదే సంఖ్యతో చిన్న సీసాలో ఉంచాలి. పట్టుగూటినుండి వచ్చిన కందిరీగను ఒకరోజు ఆగి, దాని రంగు స్థిరపడ్డాక మద్యసారంలో వేయాలి. డి.ఎన్.ఏ. పరీక్ష ఉద్దేశం ఉంటే మద్యసారం 95 శాతానికి తగ్గకూడదు. పటకారును చూడాలంటే ముందుకాలిని వేరుచేసి స్లైడుపై అమర్చాలి, పటకారు తెరుచుకొని పక్కకు పడుకొని ఉండేలా చూడటం కొంత సాధనతో వస్తుంది.

చీటీపై తేదీ, వరి రకం, పైరు దశ, అతిథేయి దోమ, అంతకుముందు చల్లిన మందు రాయాలి. స్థలం దగ్గర జిల్లాపేరుతో ఆగిపోరాదు. 2022 ఏప్రిల్‌లో జిల్లాల పునర్వ్యవస్థీకరణ జరిగిన తరువాత పాలకొండ శ్రీకాకుళం జిల్లాలో లేదు, పార్వతీపురం మన్యం జిల్లాలో ఉన్నది. రాజాం విజయనగరం జిల్లాలోకి వెళ్ళింది. పాత చీటీలపై శ్రీకాకుళం అని మాత్రమే రాసి ఉన్న నమూనా నాగావళి ఒడ్డుదో, వంశధార ఒడ్డుదో నేడు చెప్పడం సాధ్యం కాదు. గ్రామం, మండలం, అక్షాంశ రేఖాంశాలు తప్పనిసరి.